ఎయిర్‌ఫ్లో సెన్సర్ మొరాయిస్తే ఏది మేలు: కడగడమా, గుజిరీ సరుకా, కొత్తదా?

పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌నో, అదే కుటుంబానికి చెందిన 1.8 టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉన్న మొదటి తరం ఆడి టీటీనో ముచ్చటపడి కొనుక్కున్నవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య ఇది. పికప్ తగ్గుతుంది, మూడు వేల ఆర్‌పీఎం దాటాక బండి లాగవలసినంత లాగదు, మైలేజీ పడిపోతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. నెల్లూరులో చూపించినా ఒంగోలులో చూపించినా ‘ఎయిర్‌ఫ్లో సెన్సర్ పోయుంటుందన్నా, మార్చేద్దాం’ అనే మాటే ముందుగా వినిపిస్తుంది. ఆ మాట నిజం కావడానికి అవకాశం ఉన్నప్పటికీ, ఆ సెన్సర్ మీద పడే నిందల్లో చాలా భాగం పగిలిన రబ్బరు పైపులకు చెందవలసినవని నా అభిప్రాయం. అందుచేత దానిని కడగడం మేలా, గుజిరీ నుంచి పాతది తెచ్చి వేయడం మేలా, కొత్తది కొనడం మేలా అని అడిగే ముందు, తప్పు దానిదేనని ఎలా తేల్చుకోవడం మేలో చూడాలి.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలవడానికి ఈ కార్లలో ఉండేది బాష్ తయారుచేసిన హాట్ ఫిల్మ్ రకం సెన్సర్. ఎయిర్ ఫిల్టర్ డబ్బాకూ టర్బోకూ నడుమ గాలి పారే గొట్టంలో వేడెక్కించిన పలుచని పొర ఒకటి ఉంటుంది. గాలి దాని మీదుగా పారినప్పుడు ముందు అంచుకూ వెనుక అంచుకూ మధ్య ఏర్పడే ఉష్ణోగ్రత తేడాను అది వోల్టేజీగా మార్చి, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరైన ఈసీయూకు పంపుతుంది, ఆ లెక్కను బట్టే పెట్రోలు ఎంత చిమ్మాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. 1970ల నాటి ఎల్-జెట్రానిక్ కార్లలో గాలి తోపుకు తెరుచుకునే రెక్కా, అరిగిపోయే కార్బన్ ట్రాకూ ఉండేవి కనుక నేర్పున్న మెకానిక్ మూత విప్పి ఏదో ఒకటి సర్దగలిగేవాడు. ఆ తరువాత వచ్చిన హాట్ వైరు సెన్సర్లలో, ఇంజిన్ ఆపిన వెంటనే తీగ ఒక్క సెకను పాటు సుమారు 1000 డిగ్రీల దాకా కాగి, పట్టిన మురికిని తానే కాల్చుకునేది. హాట్ ఫిల్మ్‌కు ఈ రెండు సదుపాయాలూ లేవు. పట్టిన మురికి పట్టినట్టే ఉంటుంది, పొర ముసలిదైతే బాగుచేసే దారి ఉండదు.

పరీక్షల్లో అందరూ చేసేది సెన్సర్‌కు వైర్లు కలిపే కప్లర్ పీకి బండి నడిపి చూడడం. కప్లర్ పీకగానే ఈసీయూ సెన్సర్‌ను పక్కన పెట్టి, థ్రాటిల్ ఎంత తెరుచుకున్నదీ, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతున్నదీ చూసి గాలిని అంచనా కడుతుంది. పీకిన తరువాత బండి చురుకుగా లాగితే సెన్సర్‌ను అనుమానించవచ్చు. ఏ మార్పూ కనిపించకపోతే మాత్రం సెన్సర్ మంచిదని అనుకోవడానికి లేదు. ఖర్చు లేని పరీక్ష కనుక చేయవచ్చు గానీ, దాని మాట మీద వేల రూపాయలు ఖర్చు పెట్టకూడదు.

మల్టీమీటర్ పరీక్ష ఇంతకన్నా నమ్మదగినదే అయినా, అది పట్టుకునేది వేరే జబ్బును. కప్లర్‌లోని అయిదు పిన్నుల్లో రెండోదానికి 12 వోల్టులు, నాలుగోదానికి 5 వోల్టులు వస్తున్నాయా, మూడోది సరిగ్గా ఎర్త్ అవుతున్నదా అని చూడాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి ఉంచినప్పుడు అయిదో పిన్ను మీద దాదాపు 1 వోల్టు కనిపించాలి. కార్తీకంలో వాయుగుండాలు పట్టి రోజుల తరబడి తడిసే మన తీరంలో పిన్నులకు పచ్చ చిలుము పట్టడం కొత్త కాదు. అటువంటి దోషం ఇక్కడే బయటపడి, సెన్సర్ ఖర్చు మిగిలిపోతుంది. అయితే ముసలిదైన సెన్సర్ గాలి లేనప్పుడు చక్కగా 1 వోల్టు చూపించి, గాలి ఉద్ధృతమైనప్పుడు మాత్రం తక్కువ లెక్క చెబుతుంది. ఆ అబద్ధం మల్టీమీటర్‌కు దొరకదు.

దాన్ని పట్టుకునేది స్కానర్ ఒక్కటే. ఎర్రర్ కోడ్ చదివి చెరిపేసే స్కానర్ ఇందుకు చాలదు. ఈ వర్గపు కార్ల మెజరింగ్ బ్లాకులను, అంటే ఈసీయూ లోపలి అంకెల పట్టికలను, చూపగల ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ కావాలి. అందులో 032వ బ్లాకు తెరిస్తే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఐడ్లింగ్‌లో ఈసీయూ చేసుకుంటున్న పెట్రోలు దిద్దుబాటు, రెండోది బండి నడుస్తున్నప్పటి దిద్దుబాటు. ప్లస్ అంటే ఈసీయూ పెట్రోలు అదనంగా కలుపుతున్నదని. మొదటి అంకె బాగా ప్లస్‌లో ఉండి రెండోది సున్నా దగ్గర ఉంటే, సెన్సర్ లెక్కలోకి రాని గాలి ఏదో చీలిక గుండా లోపలికి వస్తున్నదని అర్థం. ఐడ్లింగ్‌లో గాలి తక్కువ కనుక చిన్న చీలిక కూడా అక్కడ పెద్ద తేడాగా కనిపిస్తుంది. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల గుత్తి) కింద ఉండే బ్రీదర్ పైపులు వేడికి పెళుసెక్కి, చేత్తో నొక్కితే పెంకుల్లా విరిగిపోతాయి. అటువంటి బండికి కొత్త సెన్సర్ వేయడం డబ్బు దండగ. మొదటిది సున్నా దగ్గర ఉండి రెండోది పది శాతం దాటి ప్లస్‌లో ఉంటే, అప్పుడు సెన్సర్ గాలిని తక్కువ చెబుతుండవచ్చు, లేదా పెట్రోలు పంపు ప్రెషర్ తగ్గి ఉండవచ్చు.

ఆ రెంటిలో ఏదో తేల్చడానికి గాలి లెక్కనే చూడాలి. ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు సెకనుకు వచ్చే గాలి గ్రాముల్లో, హార్స్‌పవర్‌కు సుమారు 0.8 వంతున ఉండాలన్నది ఈ ఇంజిన్ల మీద పనిచేసేవారు వాడే మోటు లెక్క. మన దేశంలో అమ్మిన ఆర్‌ఎస్ 150 హార్స్‌పవర్‌ది కనుక 120 గ్రాముల ప్రాంతంలో రావాలి. టర్బో బూస్టు (టర్బో పెంచే గాలి ఒత్తిడి) అడిగినంతా అందుతూ ఉండగా గాలి ఎనభై దగ్గరే ఆగిపోయి, 032లో రెండో అంకె ప్లస్‌లో ఉంటే సెన్సరే దోషి. గాలి 120 వచ్చి కూడా దిద్దుబాటు ప్లస్‌లోనే ఉంటే చూడవలసింది పంపునూ పెట్రోలు ఫిల్టరునూ. ఈ కొలత కోసం హైవే మీద మూడో గేరులో ఆరు వేల ఆర్‌పీఎం దాకా తొక్కడం ప్రమాదకరం, చట్టవిరుద్ధం కూడా. ఖాళీ రోడ్డు మీద తెల్లవారుజామున రెండో గేరులో, పక్క సీటులో ల్యాప్‌టాప్ పట్టుకునే మనిషిని కూర్చోబెట్టుకుని చేస్తే సరిపోతుంది. రోహిణి కార్తె మధ్యాహ్నం కొలిస్తే గాలి పలుచబడి అంకె కొంత తగ్గడం సహజమే, దానికి కంగారు పడనక్కరలేదు.

టర్బో తరువాత, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపుల దగ్గర క్లాంపు వదులైతే కథ తారుమారవుతుంది. అప్పుడు సెన్సర్ లెక్కపెట్టిన గాలి ఇంజిన్‌కు చేరకుండా బయటికి పోతుంది, పెట్రోలు మాత్రం మొత్తం గాలికి సరిపడా పడుతుంది, సైలెన్సర్ నుంచి నల్లపొగ వస్తుంది.

ఇక దోషం సెన్సర్‌దేనని తేలితే కడగడంతోనే మొదలుపెట్టాలి. ఇందుకని అమ్మే ఎయిర్‌ఫ్లో సెన్సర్ క్లీనర్ స్ప్రే డబ్బా కొన్ని వందల రూపాయలకు వస్తుంది. ఇగ్నిషన్ ఆపి, సెన్సర్ విప్పి, పొరను దేనితోనూ తాకకుండా దూరం నుంచి చిమ్మి, పూర్తిగా ఆరిన తరువాతే బిగించాలి. కార్బురేటర్ క్లీనర్ వాడినా, దూదిపుల్లతో తుడిచినా, కంప్రెసర్ గాలి కొట్టినా ఉన్న సెన్సర్ కూడా పోతుంది. నూనె పూసిన కాటన్ ఫిల్టర్ వల్ల పొర మీద జిడ్డు చేరిన బండికి ఈ వైద్యం బాగా పనిచేస్తుంది. పొర వయసు మీరి ఉంటే మాత్రం కడిగిన తరువాత కూడా గ్రాములు పెరగవు. రెండోసారి కడగడం వృథా.

గుజిరీ సరుకు కోసం మనవాళ్లు వెళ్లేది చెన్నై పుదుపేటకే. ధర తక్కువ, అసలు బాష్ సరుకే దొరకవచ్చు. కానీ అది కూడా ఇరవై ఏళ్ల నాటి పొరే కావచ్చు, దుకాణంలో దాన్ని పరీక్షించే వీలు లేదు. పైగా డీజిల్ ఆక్టేవియా సెన్సర్ చూడడానికి దాదాపు ఇలాగే ఉన్నా దాని కాలిబ్రేషన్ (గాలికి తగ్గ వోల్టేజీ లెక్క) వేరు. పార్ట్ నంబరు చివరి అక్షరంతో సహా కలిస్తేనే తీసుకోవాలి. పని చేస్తున్న బండి నుంచి మన కళ్ల ముందు విప్పి ఇస్తే, నాలుగు రోజులు వేసి చూసి నిర్ధారించుకోవడానికి గుజిరీ సరుకు మంచిదే. అదే శాశ్వత పరిష్కారమని నేను చెప్పను.

కొత్త పెట్టెలో వచ్చే చౌక డూప్లికేట్‌ను గుజిరీ సరుకు కన్నా కింద పెడతాను. పాత అసలు సెన్సర్ చెప్పే తప్పు కనీసం ఒక దిశలో ఉంటుంది; డూప్లికేట్ ఐడ్లింగ్‌లో ఎక్కువా, లోడ్ మీద తక్కువా చెప్పి, ఈసీయూ ఏ దిద్దుబాటూ స్థిరంగా నేర్చుకోకుండా చేస్తుంది. కొత్త అసలు సెన్సర్ ధర వేలల్లో ఉన్నా, పై కొలతలు అయిన తరువాత కొంటే ఆ డబ్బు వృథా కాదు. కొలత లేకుండా కొంటే మాత్రం నాలుగింటిలోకీ నష్టం దానిదే ఎక్కువ.

కొత్తది వేసే రోజున ఫిల్టర్ సంగతి కూడా చూసుకోవాలి. చీమకుర్తి గ్రానైట్ లారీల వెనుకో, రైసు మిల్లుల ఊక ఎగిరే దారుల్లోనో రోజూ తిరిగే బండికి కంపెనీ పేపర్ ఫిల్టరే మేలు. కాటన్ ఫిల్టర్ ఇచ్చే నాలుగు గుర్రాల బలం కోసం సెన్సర్‌ను పణంగా పెట్టనవసరం లేదు.

బిగించిన తరువాత పాత కోడ్‌లను చెరిపి, అదే సాఫ్ట్‌వేర్‌లోని బేసిక్ సెట్టింగ్స్‌లో 060 ద్వారా థ్రాటిల్ అడాప్టేషన్ (థ్రాటిల్ స్థానాలను ఈసీయూకు మళ్లీ నేర్పడం) చేసి, ట్యాంకు పెట్రోలు అయ్యేదాకా మామూలుగా నడిపి, మళ్లీ 032 చూడాలి. రెండో అంకె అయిదు శాతం లోపలికి వస్తే పని అయిపోయినట్టే. అప్పటికీ పది దగ్గరే నిలిచి ఉంటే ప్రెషర్ గేజీ పెట్టి పంపును పరీక్షించాలి.