ఏసీ డక్టులు ఎన్నేళ్ళకోసారి క్లీన్ చేయించాలి? డాలస్ ఇంట్లో 11 ఏళ్ళ వాడకం మీద సమీక్ష

డాలస్‌కి ఉత్తరాన రెండంతస్తుల ఇల్లు. అటిక్‌లో, అంటే పైకప్పు కింది ఖాళీలో, రెండు ఏసీ సిస్టమ్‌లు. గదుల్లోకి చల్లగాలి వదిలే సప్లై వెంట్లు 19, గాలిని వెనక్కి లాగే రిటర్న్‌లు 3, గాలి నడిచే గొట్టాలైన డక్టులన్నీ మెత్తగా వంగే ఫ్లెక్సే. 11 ఏళ్ళలో డక్టులు క్లీన్ చేయించింది రెండుసార్లు. మూడో ఏట ఫ్లయర్ చూసి చేయించింది శుద్ధ దండగ. ఎనిమిదో ఏట, పైన గోడలు పగలగొట్టి రీమోడలింగ్ చేశాక చేయించింది మాత్రం తప్పనిసరి. ఈ రెండింటికీ తేడా ఏళ్ళ లెక్కలో లేదు, డక్టులో ఏం చేరిందన్నదాంట్లో ఉంది.

డక్టు క్లీనింగ్ కంపెనీల సంఘం నాడ్కా 3 నుంచి 5 ఏళ్ళకోసారి చేయించమంటుంది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ అసలు గడువే పెట్టదు, అవసరమైతేనే చేయించమంటుంది. డక్టులు క్లీన్ చేస్తే జబ్బులు రాకుండా ఆగుతాయని రుజువు కాలేదని కూడా అదే చెబుతుంది. అది ఒప్పుకునే సందర్భాలు మూడు: డక్టు లోపల కంటికి కనిపించే మోల్డ్ (బూజు), ఎలుకలో పురుగులో చేరడం, దుమ్ము గడ్డకట్టి డక్టు పూడుకుపోవడమో వెంట్లలోంచి గదుల్లోకి రాలడమో. వాడకం మీద తేలింది కూడా ఇదే. హైదరాబాద్‌లో స్ప్లిట్ ఏసీని ఏటా ఎండాకాలానికి ముందు జెట్ పంపుతో కడిగించే అలవాటు ఉన్నవాళ్ళు ఇక్కడా ఏటా చేయించాలేమో అనుకుంటారు. స్ప్లిట్‌లో ఫిల్టరంటే పల్చటి జాలీయే, దాని వెనకే గాలిని చల్లబరిచే కాయిల్, కాబట్టి అక్కడ ఏటా కడగడం న్యాయమే. సెంట్రల్ ఏసీ లెక్క వేరు.

క్లీనింగ్ అవసరమో కాదో పావుగంటలో మీరే తేల్చుకోవచ్చు. ఏసీ ఆపి, సీలింగ్ వెంట్‌కి ఉండే రెండు స్క్రూలు తీసి, ఫ్లాష్ వేసిన ఫోన్‌ని లోపలికి పెట్టి వీడియో తీయండి. ఫ్లెక్స్ డక్టు లోపలి ప్లాస్టిక్ కింద స్ప్రింగు తీగ చుట్లు చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్ల మధ్య పల్చగా బూడిదరంగు పొర కనిపిస్తే అది మామూలే, అది లేని ఇల్లు ఉండదు. ఆ తర్వాత రిటర్న్ జాలీ తీసి, ఫిల్టరు బయటికి లాగి, లోపలి పెట్టె అడుగు చూడండి. అసలు కథ అక్కడ తెలుస్తుంది. ఫిల్టరుకి గది వైపు దుమ్ము ఎంత ఉన్నా దిగులు లేదు. దాటి అవతలి వైపు నూగు ఉందంటే ఫిల్టరు పక్కల సందుంది, లేదా ఫిల్టరు సైజు తప్పు. తెల్లటి పిండిలాంటిది ఉంటే షీట్‌రాక్ (గోడలకీ సీలింగ్‌కీ వేసే జిప్సం పలక) దుమ్ము. కొత్త ఇళ్ళలో రంపపు పొట్టు, మేకులు, పనివాళ్ళు తాగి పడేసిన కోక్ డబ్బా కూడా దొరకొచ్చు. ఎలుక పెంటికలు కనిపిస్తే మటుకు ముందు అవి వచ్చే దారి మూయించి, ఆ తర్వాతే డక్టుల సంగతి.

ఎక్కువమంది మోసపోయేది వెంట్ చుట్టూ సీలింగ్ మీద కనిపించే నల్ల మరకల దగ్గర. అవి చూపించి “లోపలంతా మోల్డ్” అంటారు. జులైలో వెంట్‌లోంచి వచ్చే గాలి సుమారు 55 డిగ్రీల ఫారెన్‌హీట్, అటిక్‌లో 130 దాకా వేడి. డక్టు చివర ఉండే రేకు పెట్టెకీ షీట్‌రాక్‌కీ మధ్య సందు ఉంటే అటిక్‌లోని తడిగాలి అందులోంచి దిగి, చల్లటి జాలీ మీద చెమటలా పడుతుంది. ఆ తడికి దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్ము మీద మచ్చలు లేస్తాయి. జాలీని సబ్బునీళ్ళతో కడిగి, ఆ సందుని కాల్క్‌తోనో మాస్టిక్‌తోనో (సందులు పూడ్చే ముద్దలు) మూస్తే పోతుంది. ఖర్చు పది డాలర్లు. పూజగది ఉన్న ఇళ్ళలో ఇంకో రకం నలుపు కనిపిస్తుంది. అగరుబత్తి పొగ, దీపం మసి గాలితో తిరిగి, తలుపుల కింద కార్పెట్ అంచుల్లో, సీలింగ్ మీద గీతల్లా పడుతుంది. డక్టులు ఎన్నిసార్లు క్లీన్ చేయించినా అది ఆగదు. వాసన చూసి, తుడిచి చూసి తెలుసుకోవాల్సిందే.

మన వంటల సంగతి కూడా చెప్పాలి. చాలా ఇళ్ళలో స్టవ్ మీద ఉండే మైక్రోవేవ్ ఫ్యాను పొగని బయటికి పంపదు, జాలీలోంచి లాగి మళ్ళీ మన మొహానే కొడుతుంది. రోజూ పోపులు, వారానికి రెండు వేపుళ్ళు పడే ఇంట్లో ఆ నూనె ఆవిరి రిటర్న్‌లోకే పోతుంది. ఫిల్టరు మీద పసుపుపచ్చ జిడ్డు, దగ్గరకి తీస్తే ఇంగువ వాసన. ఆ జిడ్డు పోయి చేరేది డక్టులకన్నా ముందు, గాలిని తోసే బ్లోయర్ చక్రానికీ కాయిల్‌కీ. బ్లోయర్ రేకులు సన్నగా గిన్నెలా వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపు జిడ్డు నూగుతో నిండిందా, మోటారు తిరుగుతూనే ఉంటుంది కానీ గాలి తగ్గిపోతుంది, పై గదులు చల్లబడవు. “డక్టులు క్లీన్ చేసినా తేడా లేదు” అనేవాళ్ళ ఇళ్ళలో చాలావరకు బ్లోయర్‌ని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. స్టవ్ మీద గాలి బయటికి పోయే చిమ్నీ పెట్టించుకుంటే డక్టు క్లీనింగ్ డబ్బు మిగులుతుంది. అది కుదరకపోతే ఇప్పుడున్న ఫ్యాను అడుగున ఉండే రేకు జాలీని నెలకోసారి వేడినీళ్ళు, డిష్ సోప్‌లో నానబెట్టండి.

ఫిల్టరు విషయంలో ఖరీదైనది పెడితే మంచిదనే భ్రమ ఉంది. ఫిల్టరు ఎంత సన్న దుమ్మును పడుతుందో చెప్పే కొలత మెర్వ్. 1 అంగుళం మందం ఫిల్టరులో మెర్వ్ 13 పెడితే కొన్ని సిస్టమ్‌లకి ఊపిరాడదు. చాలా బ్లోయర్లు 0.5 అంగుళాల (నీటిమట్టం కొలతలో) స్టాటిక్ ప్రెషర్‌కి, అంటే గాలికి ఎదురయ్యే ఒత్తిడికి, తయారైనవి, అది దాటితే గాలి తగ్గి కాయిల్ మీద మంచు కడుతుంది. రిటర్న్ దగ్గర ఈల వినిపించడం, రాగి గొట్టం మీద తెల్లగా మంచు కనిపించడం దీని గుర్తులు. 1 అంగుళం అయితే మెర్వ్ 8 లేదా 11, మే నుంచి సెప్టెంబర్ దాకా నెలకొకటి, మిగతా రోజుల్లో రెండు నెలలకొకటి. 4 అంగుళాల ఫిల్టరు పట్టే పెట్టె వేయించుకుంటే మెర్వ్ 13 కూడా హాయిగా నడుస్తుంది, 6 నెలల పైనే వస్తుంది. అంచు మీద తేదీ రాయండి, బాణం గుర్తు బ్లోయర్ వైపు ఉండాలి.

నిజంగా అవసరమైతే పని ఎలా జరగాలంటే: అతి సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరున్న, గాలిని లాగే పెద్ద నెగెటివ్ ఎయిర్ మెషీన్ తెస్తారు, లేదా ట్రక్కు మీదే ఉంటుంది. ప్లీనం (డక్టులు చీలే పెద్ద పెట్టె) దగ్గర తగిన చోట రంధ్రం చేసి లావాటి గొట్టం బిగిస్తారు. వెంట్లన్నీ మూసేసి, ఒక్కొక్కటే తెరుస్తూ, కంప్రెసర్ గాలితో కొరడాలా కొట్టుకునే గొట్టాన్ని లోపలికి పంపి దుమ్మును మెషీన్ వైపు తోలతారు. రిటర్న్ వైపు వేరుగా, సప్లై వైపు వేరుగా. తర్వాత బ్లోయర్ బయటికి తీసి కడగడం, కాయిల్ శుభ్రం చేయడం. ఇద్దరు మనుషులకి ఒక సిస్టమ్‌కి కనీసం 3 గంటలు. ఈపీఏ చెప్పే మామూలు ధర సిస్టమ్‌కి 450 నుంచి 1,000 డాలర్లు. 99 డాలర్లకి ఇల్లంతా అంటే వెంట్ల మూతుల దగ్గర షాప్ వ్యాక్ (మామూలు వాక్యూమ్) తిప్పి, ఆ తర్వాత మోల్డ్ ఫొటో చూపించి శానిటైజర్ పొగ కొట్టడానికి ఇంకో 600 అడగడమే. ఫైబర్‌గ్లాస్ డక్ట్ బోర్డు మీదా, లోపల ఫైబర్‌గ్లాస్ పరిచిన డక్టుల్లోనూ వాడటానికి ఈపీఏ దగ్గర నమోదైన క్రిమిసంహారకం ఒక్కటీ లేదు. ఆ ఇన్సులేషన్ తడిసి మోల్డ్ పడితే క్లీన్ కాదు, తీసి మార్చాల్సిందే. టెక్సస్‌లో ఒకేచోట ఆనుకుని 25 చదరపు అడుగులు దాటిన మోల్డ్‌కి లైసెన్సున్నవాళ్ళే కావాలి. ఆ పనిలో పరీక్ష చేసినవాడే తొలగించడం చట్టం ఒప్పుకోదు. రెండూ నేనే చేస్తాననేవాడిని గుమ్మంలోంచే పంపేయండి.

ఫ్లెక్స్ డక్టుల్లో గట్టి తిరుగుడు బ్రష్ వాడారో, లోపలి ప్లాస్టిక్ చిరుగుతుంది. మెత్తటి నైలాన్ బ్రష్ లేదా గాలి గొట్టమే వాడతామని ముందే చెప్పించుకోండి. పాత ఫ్లెక్స్ పెళుసుబారి ఉంటే అసలు క్లీన్ చేయించకుండా మార్పించడమే మేలు. ఇంకో తప్పు, ప్లీనం రంధ్రాన్ని మామూలు గుడ్డ డక్ట్ టేపుతో మూసి పోవడం. అటిక్ వేడికి రెండు వేసవుల్లో జిగురు ఎండి ఊడుతుంది. రేకు ముక్క వేసి స్క్రూలు బిగించి, మాస్టిక్ పూయాలి, లేదా డక్టులకి పనికొస్తుందని చెప్పే యూఎల్ 181 ముద్ర ఉన్న ఫాయిల్ టేపు వేయాలి. వాళ్ళు వెళ్ళకముందే ఫ్యాను నడుస్తుండగా అటిక్ ఎక్కి ప్రతి అతుకు దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. గొట్టాలు లాగినప్పుడు కాలర్ (డక్టుని బిగించే రేకు అంచు) దగ్గర ఊడటం మామూలే. మామూలు ఇంట్లోనే 20 నుంచి 30 శాతం గాలి డక్టు లీకుల్లో పోతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు పథకం ఎనర్జీ స్టార్ లెక్క. రిటర్న్ వైపు లీకైతే ఇంకా చెడ్డది, అటిక్‌లోని ఇన్సులేషన్ పీచు, దుమ్ము నేరుగా లోపలికి పీల్చుకుంటుంది. ఫిల్టరు ఎంత మార్చినా ఇంట్లో దుమ్ము తగ్గకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

రీమోడలింగ్ పెట్టుకుంటే ఆ వైపు సిస్టమ్ ఆపేసి, వెంట్లకీ రిటర్న్‌లకీ ప్లాస్టిక్ అతికించాకే షీట్‌రాక్ సాండింగ్ మొదలుపెట్టించండి. ఎనిమిదో ఏట క్లీనింగ్ అవసరమైంది ఈ చిన్న పని మర్చిపోవడం వల్లే.

ఏటా తప్పకుండా చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఏప్రిల్‌లో కాయిల్ చూపించడం. వేసవంతా నెలకోసారి ఏసీ నీళ్ళు పోయే డ్రెయిన్ పైపులో ఒక కప్పు వెనిగర్ పోయడం. అది మూసుకుంటే అడుగు ట్రే నిండి, ఫ్లోట్ స్విచ్ ఉంటే ఏసీ ఆగుతుంది, లేకపోతే సీలింగ్ తడుస్తుంది. గ్యాస్ ఫర్నేస్‌ని చలికాలానికి ముందు కార్బన్ మోనాక్సైడ్ కోసం చూపించడం. ఇక బట్టల డ్రయర్ వెనక 4 అంగుళాల గొట్టం. అందులో నూగు పేరుకోవడం డ్రయర్ మంటలకి ముఖ్య కారణాల్లో ఒకటి. డ్రయర్‌ని ముందుకి లాగి, పొడవాటి బ్రష్‌ని డ్రిల్లుకి బిగించి, గోడ బయటి మూత దాకా నడపండి. బ్రష్‌ని సవ్య దిశలోనే తిప్పాలి, ఎదురు తిప్పితే కడ్డీల మరలు విడిపోయి సగం గొట్టంలో బ్రష్ ఉండిపోతుంది.