ఆల్‌రౌండర్లలో ఎవరు గొప్ప? స్టాట్స్‌గురు చెప్పేదెంత, చెప్పనిదెంత

బ్యాటింగ్, బౌలింగ్ రెండూ చేసే ఆల్‌రౌండర్లలో పాకిస్తాన్ ఇమ్రాన్ గొప్పా, ఇంగ్లండ్ బోథమ్ గొప్పా, మన కపిల్ గొప్పా అనే గొడవ క్రికెట్ చూసేవాళ్లు నలుగురు చేరిన చోట వచ్చి తీరుతుంది. ఎవరికి నచ్చిన ఇన్నింగ్స్ వాళ్లు చెప్తారు, చివరికి గొంతు పెద్దగా ఉన్నవాళ్లదే పైచేయి అవుతుంది. నాకు ఆ పద్ధతి నచ్చదు. అందుకే కొన్నేళ్లుగా ఇలాంటి వాదన మొదలవగానే ఈఎస్‌పీఎన్ క్రిక్‌ఇన్ఫో వెబ్‌సైట్‌లో ఉన్న, క్రికెట్ గణాంకాలు వెతికిపెట్టే స్టాట్స్‌గురు తెరుస్తున్నాను. డబ్బు కట్టే పని లేదు. మొదటిసారి తెరిస్తే బోలెడన్ని గడులు, టిక్కులు కనబడి కాస్త కంగారు పుడుతుంది కానీ రెండు రోజులు వాడితే అలవాటైపోతుంది.

ఆల్‌రౌండ్ విభాగంలోకి వెళ్లి టెస్టులు ఎంచుకుని, కనీసం ఇన్ని పరుగులు, ఇన్ని వికెట్లు అని షరతు పెడితే పేర్లు వరసగా వస్తాయి. చివరి గడిలో ఉండేది బ్యాటింగ్ యావరేజ్‌లోంచి (ఒకసారి అవుటయ్యేలోపు సగటున చేసిన పరుగులు) బౌలింగ్ యావరేజ్ (ఒక వికెట్‌కి సగటున ఇచ్చిన పరుగులు) తీసేస్తే మిగిలే అంకె, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. వెస్టిండీస్ సోబర్స్ 57.78తో బ్యాటింగ్ చేసి 34.03 పరుగులకి ఒక వికెట్ చొప్పున తీశాడు కాబట్టి ఆయనకి 23.75. దక్షిణాఫ్రికా కలిస్‌కి దాదాపు 23, ఇమ్రాన్‌కి 15కి కాస్త తక్కువ, ఆస్ట్రేలియా కీత్ మిల్లర్‌కి 14. బోథమ్ దగ్గరికొచ్చేసరికి 5.14, కపిల్‌కి 1.41 మాత్రమే. 4,531 పరుగులు, 362 వికెట్లు ఉన్న న్యూజిలాండ్ వెటోరికైతే ఏకంగా మైనస్ 4!

చాలామంది ఇక్కడే ఆగిపోయి తీర్పు చెప్పేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. ఆ ఒక్క అంకెలో ఎవరు ఎంత బరువు మోశారో ఉండదు. కలిస్ 166 టెస్టుల్లో 292 వికెట్లు తీశాడు, అంటే టెస్టుకి రెండు కూడా పడలేదు. అదే సోబర్స్ టెస్టుకి రెండున్నర, కపిల్ మూడుకి పైన, ఇమ్రాన్ నాలుగుకి పైన తీశారు. వేసిన బంతులు చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది: కలిస్ టెస్టుకి సుమారు 20 ఓవర్లు వేస్తే కపిల్ 35 దాకా వేశాడు, అదీ చాలా ఏళ్లు అవతలి ఎండ్‌లో నిలకడైన పేసర్ తోడు లేకుండా. 131 టెస్టులు అలా లాగి 434 వికెట్లు తీసినవాణ్ని 1.41 అనే అంకెతో కొలిచేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. టెస్టుల్లో 5,000 పరుగులు, 400 వికెట్లు రెండూ ఉన్నది ఆయనొక్కడికే.

నా దృష్టిలో ఈ సర్వీస్ అసలు బలం ఫిల్టర్లు. కెప్టెన్‌గా ఆడిన మ్యాచ్‌లు మాత్రమే అని ఒక్క టిక్కు పెట్టి చూడండి. ఇమ్రాన్ 48 టెస్టుల్లో 52.34 బ్యాటింగ్, 20.26 బౌలింగ్! తేడా 32 దాటింది, సోబర్స్ కెరీర్ అంకె కంటే ఎక్కువ. జట్టు భారమంతా నెత్తిన పడ్డాక మనిషి ఇంకా బాగా ఆడాడన్నమాట. అదే టిక్కుతో బోథమ్‌ని చూస్తే 12 టెస్టులు, 13.14 బ్యాటింగ్, 33.08 బౌలింగ్, ఒక్క గెలుపూ లేదు. బోథమ్ అంటే ఇష్టం ఉన్నవాణ్ని, అది చూసి బాధేసింది, అందుకే ప్రత్యర్థి ఫిల్టర్ కూడా పెట్టాను: 12లో 9 అప్పట్లో అందరికంటే బలమైన వెస్టిండీస్ మీద. 1981లో లార్డ్స్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ సున్నాకి అవుటై కెప్టెన్సీ వదిలేశాడు, వెంటనే వచ్చిన హెడింగ్లీ టెస్టులో తొలి ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు, ఒక యాభై, ఫాలోఆన్‌లో (బాగా వెనకబడిన జట్టు వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడం) 149 నాటౌట్. ఈ మలుపు పట్టికలో కూడా వరసగా కనబడుతుంది.

కనబడనివీ ఉన్నాయి. 1990లో లార్డ్స్‌లో ఇండియాకి ఫాలోఆన్ తప్పాలంటే 24 పరుగులు కావాలి, మిగిలింది ఆఖరి వికెట్, అవతల బ్యాటింగ్ అంతగా రాని హిర్వాణీ. కపిల్ ఇంగ్లండ్ స్పిన్నర్ హెమ్మింగ్స్ బౌలింగ్‌లో వరసగా నాలుగు సిక్సర్లు కొట్టేశాడు. పట్టికలో అది 77 నాటౌట్, అంతే. ఆ టెన్షన్ ఏ గడిలోనూ పట్టదు.

టీ20 ఆల్‌రౌండర్లని పోల్చడానికి మాత్రం ఈ పట్టిక పెద్దగా పనికిరాదు. అక్కడ కావాల్సింది స్ట్రైక్‌రేట్ (వంద బంతులకి ఎన్ని పరుగులు చేశాడు), ఎకానమీ (ఓవర్‌కి ఎన్ని పరుగులిచ్చాడు). వాటికోసం బ్యాటింగ్, బౌలింగ్ విభాగాలు విడివిడిగా తెరిచి మనమే కలుపుకోవాలి. వన్డేలకి ఫరవాలేదు, 2019 ప్రపంచకప్ పెట్టి చూస్తే బంగ్లాదేశ్ షకీబ్ 606 పరుగులు, 11 వికెట్లతో మిగతావాళ్లకి అందనంత ఎత్తులో ఉంటాడు.

ఇన్నేళ్లు తిప్పి తిప్పి చూశాక నా వరస ఇది: సోబర్స్, ఇమ్రాన్, మిల్లర్, ఆ తర్వాత కలిస్, కపిల్ పక్కపక్కన. సర్వీస్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది టీ20 సంగతికే. కపిల్ పేజీ తెరిచినప్పుడు మాత్రం ఎలా అవుటయ్యాడో చెప్పే పట్టిక దాకా కిందికి వెళ్లండి. టెస్టుల్లో 184 ఇన్నింగ్స్, ఒక్కసారి కూడా రనౌట్ లేదు.