స్లాత్‌కి ఏ మాట మేలు: బద్ధకమా, సోమరితనమా, అలసత్వమా?

గుంటూరులో మా మేడ మీద డిగ్రీ పిల్లలకు అనువాదం చెబుతుంటాను. మొన్న ఒక అమ్మాయి, మన ఎలుగుబంటికి ఇంగ్లిష్ పేరైన ‘స్లాత్ బేర్’ని ‘బద్ధకపు ఎలుగుబంటి’ అని రాసుకొచ్చింది. దాంతో ఆ పూటంతా, పనికి ఒళ్లు వంచని గుణానికి ఇంగ్లిష్ మాటైన స్లాత్ మీదే గడిచింది.

ముందు నోటికొచ్చేది బద్ధకమే. కానీ అది ఒంటికి పట్టి వదిలేది. ఆదివారం భోంచేశాక వస్తుంది, టీ తాగితే పోతుంది. ‘ఒళ్లు బద్ధకంగా ఉంది’ అని ఎవరైనా చెప్పుకుంటారు. ‘నేను సోమరిని’ అని ఎవరు చెప్పుకుంటారు? సోమరితనం గుణం మీద పడే ముద్ర. క్రైస్తవంలోని ఏడు మహాపాపాల్లో స్లాత్ ఒకటి. అక్కడ బద్ధకం అంటే బరువు చాలదు. తెలుగు బైబిల్లోనూ ‘సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము’ అనే ఉంది.

ఆ ముద్ర వేసేముందు మాత్రం కాస్త ఆగాలి. మిర్చి యార్డులో మిట్టమధ్యాహ్నం టిక్కీల (మిర్చి బస్తాల) మీద, ముఖాన తువ్వాలు కప్పుకుని పడుకున్న హమాలీని చూశాను. మోచేతుల దాకా ఎర్రటి కారం దుమ్ము. అతనిది అలసట. దాన్ని సోమరితనం అన్న నోరు నాకు నచ్చదు.

అలసత్వం పేపర్ల మాట. ‘అధికారుల అలసత్వం’ అని చదువుతాం, ఇంట్లో పిల్లాణ్ని అలా తిట్టం. అయినా దాన్ని తీసిపారేయలేం. ఈ పాపానికి లాటిన్ పేరు అసీడియా, దాని గ్రీకు మూలానికి అర్థం పట్టింపు లేకపోవడం. మన అలసత్వంలో ఉన్నదీ ఆ పట్టనితనమే.

పిల్లలకు బాగా నచ్చింది ఆలస్యం కథ. సంస్కృతంలో ఆలస్యమంటే సోమరితనం. తెలుగులోకి వచ్చి జాప్యమైంది. స్లాత్‌ది ఎదురు దారి: నెమ్మది అనే అర్థమున్న ‘స్లో’ నుంచి పుట్టి సోమరితనానికి చేరింది.

గుణమైతే సోమరితనం, కదలని ఫైలైతే అలసత్వం. నా ఓటు ఇలాగే. బద్ధకాన్ని ఆదివారాలకు వదిలేస్తాను.

ఇక జంతువుల సంగతి. స్లాత్ అనే పేరుతోనే, చెట్లకు వేలాడే ఒక జంతువు కూడా ఉంది; అది మధ్య, దక్షిణ అమెరికాలది. దాన్ని స్లాత్ అనే రాయడం మేలు. 1791లో జార్జ్ షా అనే శాస్త్రవేత్త పొడవాటి గోళ్లున్న మన ఎలుగును ఆ స్లాత్‌ల జాతిలోనే చేర్చాడు. పొరపాటు తర్వాత దిద్దారు, ఇంగ్లిష్ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇదంతా విన్నాక ఆ అమ్మాయి ‘బద్ధకపు’ కొట్టేసి, ‘ఎలుగుబంటి’ ఒక్కటే ఉంచింది.