ఏడీఎంఏ పెరిగినప్పుడు ఏది మేలు: ఆర్జినిన్, సిట్రులిన్, నైట్రేట్?

రక్తనాళాల లోపొర ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసుకుని నాళాలను వదులుగా ఉంచుతుంది. ఈ పని చేసే ఎంజైమ్‌కు అడ్డుపడే పదార్థం కూడా ఒంట్లోనే పుడుతుంది. అది అసిమెట్రిక్ డైమిథైల్ ఆర్జినిన్, క్లుప్తంగా ఏడీఎంఏ. ప్రొటీన్లలోని ఆర్జినిన్‌కు రెండు మిథైల్ సమూహాలు చేరిన తర్వాత ఆ ప్రొటీన్లు విచ్ఛిన్నమైనప్పుడు ఇది బయటపడుతుంది. ఆకృతిలో ఆర్జినిన్‌ను పోలి ఉండటంవల్ల ఎంజైమ్‌లో దాని చోటును ఆక్రమిస్తుంది. మూత్రపిండాలు విఫలమైనవారి రక్తంలో ఇది పేరుకుపోతుందని 1992లో పాట్రిక్ వాలెన్స్ బృందం లాన్సెట్ పత్రికలో వెల్లడించింది.

పోటీ ఒకే చోటు కోసం కనుక ఆర్జినిన్‌ను ఎక్కువగా ఇస్తే సరిపోతుందని తోచడం సహజమే. అయితే నోటి ద్వారా తీసుకున్న ఆర్జినిన్‌లో గణనీయమైన భాగాన్ని పేగుల్లోనూ కాలేయంలోనూ ఉండే ఆర్జినేజ్ అనే ఎంజైమ్ ముందే ఖర్చు చేసేస్తుంది. అంతకంటే పెద్ద అభ్యంతరం మరొకటి ఉంది. గుండెపోటు వచ్చినవారికి రోజుకు మూడుసార్లు 3 గ్రాముల చొప్పున ఆర్జినిన్ ఇచ్చి చూసిన ఒక అమెరికన్ పరీక్షలో ఆ మందు తీసుకున్నవారిలో ఆరుగురు మరణించగా, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారిలో ఎవరూ మరణించలేదు. దాంతో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు; ఫలితాలు 2006లో వెలువడ్డాయి. అందువల్ల గుండెపోటు వచ్చినవారు దీని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

సిట్రులిన్ అనే మరో అమైనో ఆమ్లం కాలేయాన్ని దాదాపు తప్పించుకుని మూత్రపిండాలకు చేరి అక్కడ ఆర్జినిన్‌గా మారుతుంది. విచిత్రమేమిటంటే, రక్తంలో ఆర్జినిన్‌ను పెంచడంలో ఆర్జినిన్ కంటే ఇదే సమర్థంగా పనిచేస్తుంది, కడుపును కూడా తక్కువగా ఇబ్బంది పెడుతుంది. ముడిసరుకు అందించడమే లక్ష్యమైతే ఈ రెండింటిలో సిట్రులిన్‌కే నా ఓటు.

నైట్రేట్ మార్గం పూర్తిగా వేరు. బీట్‌రూట్, పాలకూర వంటి వాటిలోని నైట్రేట్ లాలాజలంలోకి చేరినప్పుడు నాలుక వెనుక భాగంలోని బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గా మారుస్తాయి, ఆపైన అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఏడీఎంఏ అడ్డుకునే ఎంజైమ్‌తో ఇక్కడ పనే లేదు కనుక, సిద్ధాంతరీత్యా మూడింటిలో ఇదే మేలైనది. (క్రిమినాశక మౌత్‌వాష్‌తో రోజూ పుక్కిలించేవారికి మాత్రం ఈ లాభం బాగా తగ్గిపోతుంది.)

చిక్కంతా ఏడీఎంఏ ఎక్కువగా ఉండే మూత్రపిండాల రోగుల దగ్గరే వస్తుంది. సిట్రులిన్‌ను ఆర్జినిన్‌గా మార్చవలసిన అవయవమే వారిలో దెబ్బతిని ఉంటుంది, పైగా సిట్రులిన్ వారి రక్తంలో ముందే హెచ్చుగా కనిపిస్తుంది. ఇక నైట్రేట్ దండిగా ఉండే కూరగాయల్లో పొటాషియం కూడా దండిగానే ఉంటుంది. అది రక్తంలో మితిమీరితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి, వారు పొటాషియం పరీక్ష ఫలితం చూపించి వైద్యుడు అనుమతించిన మేరకే వాటిని తినాలి.