డెర్బీషైర్ పల్లెలో ఊరందరి దుకాణం: పద్దెనిమిది నెలల వాడుక తర్వాత

ఇంగ్లండు నడిబొడ్డున, డెర్బీషైర్‌లోని పీక్ డిస్ట్రిక్ట్ సున్నపురాయి కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊరికి మేము అద్దెకు వచ్చి పద్దెనిమిది నెలలయింది. ఊళ్లో ఒక చర్చి, ఒక పబ్బు, ఒక విలేజ్ హాలు, బాతులుండే ఒక కుంట, ఒకే ఒక్క దుకాణం ఉన్నాయి. ఈ సమీక్ష ఆ దుకాణం గురించి. ఊరి పేరు, దుకాణం పేరు కావాలనే రాయడం లేదు. గల్లా దగ్గర కూర్చునేవారంతా జీతం తీసుకోకుండా వంతులవారీగా పనిచేసే ఊరివారే గనుక, పేరు చెప్పి లోపాలు ఎంచితే ఒక్కో లోపం వెనుక ఒక్కో మనిషి ముఖం కనిపిస్తుంది. అయినా ఇలాంటి దుకాణాలు బ్రిటన్ పల్లెల్లో వందల సంఖ్యలో ఉన్నాయి. పట్నం అద్దెలు భరించలేకనో, కొండగాలి మీద మనసుపడో పల్లె బాట పట్టే తెలుగువారికి ఇక్కడ రాసినది ఏ ఊళ్లోనైనా పనికివస్తుంది.

ముందుగా ఇది ఎవరి దుకాణమో చెప్పాలి. పాత యజమాని వయసుమీరి మూసివేయబోతే, ఊరివారు వాటాలు వేసుకొని కొనుక్కున్నారు. చట్టం ప్రకారం ఇది కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీ, అంటే 2014 నాటి సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంస్థ. వాటా ఎంత పెట్టినా మనిషికి ఓటు ఒక్కటే. లాభం వస్తే వాటాదారుల జేబుల్లోకి పోదు, ఊరి అవసరాలకు పోతుంది. ఈ పద్ధతికి మూలం ఇక్కడికి ఉత్తరాన ఎంతో దూరం లేని రోచ్‌డేల్‌లో ఉంది. 1844లో అక్కడ 28 మంది కలిసి వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులతో ఒక చిన్న కొట్టు తెరిచారు. పల్లె దుకాణాలు ఇలా చేతులు మారేటప్పుడు కాగితాల పనిలో దారి చూపే ప్లంకెట్ సంస్థ 1919 నుంచి ఉంది. నా భార్యది హనుమకొండ వైపు. ఇదంతా విని ఆమె, మా ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి చేస్తున్నది ఇదే కదా అని తేల్చేసి, మర్నాడే పది పౌండ్లు కట్టి వాటా తీసుకుంది. నేను మాత్రం సరుకు చూశాకే సభ్యత్వం అన్నాను.

సరుకు సంగతికి వస్తే, మన పడకగదికి కాస్త పెద్దదైన గదిలో ఊరికి కావలసినవన్నీ ఇరికించాలన్న ప్రయత్నం కనిపిస్తుంది. పాలు, గుడ్లు, బంగాళదుంపలు, రొట్టెలు నిక్కంగా బాగుంటాయి. అవి చుట్టుపక్కల పొలాల నుంచి, దగ్గరి బేకరీ నుంచి వస్తాయి. స్టిల్టన్ జున్నును, అంటే ఇక్కడి చీజ్‌ను, ఆ పేరుతో అమ్మడానికి డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగమ్‌షైర్ అనే మూడు కౌంటీలలో తయారైతేనే చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి, ఇక్కడ అది ఇంటి సరుకే. దాని వాసనకు అలవాటు పడటానికి నాకు ఏడాది పట్టింది, ఆ ఏడాదిని నేనేమీ తప్పుపట్టను. అసలు ఈ దుకాణానికి నేను మళ్లీ మళ్లీ వెళ్లేది ఓట్‌కేకుల కోసం. పేరు చూసి తీపి కేకు అనుకోవద్దు. ఓట్స్ పిండి, గోధుమపిండి కలిపి, ఈస్టుతో పులియబెట్టి, పెనం మీద పోసిన మెత్తని అట్టు అది. పక్క కౌంటీ స్టాఫర్డ్‌షైర్‌లో చేసేదానికన్నా డెర్బీషైర్ అట్టు మందంగా ఉంటుంది. ఇక్కడివారు పంది మాంసపు ముక్కలు, జున్ను చుట్టుకొని తింటారు. మేము వేడిచేసి అల్లం పచ్చడితో తింటున్నాము. పుల్లట్టు లేని లోటు పూర్తిగా తీరదు గాని, ఆదివారం ఉదయం గడిచిపోతుంది.

మిగతాది అంతంతమాత్రమే. బియ్యం అంటే సంచిలోనే ఉడికించుకునే అరకిలో పొట్లాలు. కారం పొడి ఉంటుంది, దాని రంగు తప్ప మరేదీ పనిచేయదు. పచ్చిమిరపకాయలు కావాలని చీటీ రాసిపెడితే తరువాతి వారం మూడు కాయల పొట్లం ఒకటి తెప్పించి, మా ఇంటిపేరు తప్పుగా రాసి, పక్కన పెట్టారు. తప్పుగానైనా రాసినందుకు సంతోషించాను. ధరలు సూపర్‌మార్కెట్ కంటే ఎక్కువ. పాలకు కొద్దిపాటి తేడాయే గాని, డబ్బా సరుకులకు, సబ్బులకు తేడా బాగా తెలుస్తుంది. పెద్ద మార్కెట్టు ఏడు మైళ్ల దూరంలో ఉంది, బస్సు రోజుకు నాలుగు సార్లే వస్తుంది, ఆదివారం అసలు రాదు. కారు ఉన్నవారు నెలవారీ సరుకు అక్కడ కొని, ఇక్కడ పాలు, రొట్టె మాత్రమే కొంటారు. దుకాణాన్ని నిలబెట్టాలని వార్షిక సమావేశంలో గట్టిగా మాట్లాడేవారి కార్లలోనే ఆ మార్కెట్టు సంచులు కనిపించడం నేను చూశాను. మా కారులోనూ ఉన్నాయి.

సేవ విషయంలో తొందర ఉన్నవారు ఇటు రాకపోవడమే మంచిది. వాలంటీర్లలో చాలామంది పదవీ విరమణ చేసినవారు. కార్డు యంత్రంతో వారికి పొసగదు, ధర తెలియని వస్తువు వస్తే లోపలికి వెళ్లి ఫైలు తెచ్చి వెదుకుతారు, ఈలోగా వెనక నిలబడినవారు విసుక్కోవడానికి బదులు ఎవరి మోకాలి ఆపరేషన్ ఎలా జరిగిందో చెప్పుకుంటారు. మొదటిరోజు గల్లా దగ్గరి పెద్దావిడ నన్ను 'డక్' అని పిలిచారు. బాతు అనడం ఏమిటని ఇంటికి వచ్చి ఆలోచించాను. ఈ ప్రాంతంలో ఆడా మగా తేడా లేకుండా అందరినీ ఆప్యాయంగా పిలిచే పిలుపు అదేనని తరువాత తెలిసింది. నా ఇబ్బంది వేరే చోట వచ్చింది. ఎనభై దాటిన ఆవిడను ఊరంతా పొట్టిపేరుతో పిలుస్తుంది, నన్నూ అలాగే పిలవమన్నారు. 'గారు' తగిలించే వీలులేని భాషలో ఆ పేరు నా నోట రాక, నెలల తరబడి ఆవిడను ఏ పేరుతోనూ పిలవకుండా, ఎదురుగా వెళ్లి నిలబడి నవ్వుతూ పని జరుపుకున్నాను.

ఈ దుకాణం అమ్మే వస్తువులలో అన్నిటికన్నా విలువైనది ధర లేనిది: తలుపు పక్కనున్న నోటీసు పలక. చర్చి గంటలు మోగించేవారి సాధన ఏ రాత్రో, క్రికెట్ జట్టుకు పదకొండో మనిషి ఎప్పుడు కావాలో, ఆడవారి సంఘమైన విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ సమావేశంలో ఈ నెల ఎవరు ఏ విషయం మీద మాట్లాడతారో, పోస్టాఫీసు తాత్కాలిక కౌంటరు విలేజ్ హాలులో ఏ రెండు గంటలు తెరుస్తారో, అన్నీ అక్కడే తెలుస్తాయి. 1894 చట్టంతో పుట్టిన పారిష్ కౌన్సిల్, అంటే మన పంచాయతీ లాంటిది, తన సమావేశాల అజెండాను దాని మీదే అతికిస్తుంది. పబ్బును ఊరి ఆస్తిగా గుర్తింపు జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదన ఒకసారి కనిపించింది. 2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం అలా చేరిన ఆస్తిని యజమాని అమ్మదలిస్తే, కొనుగోలుకు సొమ్ము సమకూర్చుకోవడానికి ఊరికి ఆరు నెలల గడువు అడిగే హక్కు ఉంటుంది. దుకాణం ముందున్న ఎర్ర టెలిఫోను పెట్టెను పారిష్ కౌన్సిల్ బ్రిటిష్ టెలికాం నుంచి ఒక్క పౌండుకు తీసుకుంది. దాంట్లో ఇప్పుడు ఫోను లేదు, గుండె ఆగినవారికి షాక్ ఇచ్చే యంత్రం ఉంది. దాన్ని వాడటం నేర్పే తరగతి కబురు కూడా ఆ పలక మీదే చూసి, వెళ్లి నేర్చుకున్నాము.

నేను ఖాతాదారు నుంచి వాటాదారునయినది మాత్రం పులిహోర వల్ల. దుకాణం వార్షికోత్సవానికి ఇంటింటి నుంచి వంటలు తెచ్చి అమ్మే బల్ల ఒకటి వేస్తారు. నా భార్య పన్నెండు డబ్బాల పులిహోర ఒప్పుకుంది. ముందురోజు కమిటీ సభ్యుడొకాయన ఖాళీ చీటీల కట్ట పట్టుకొని ఇంటికి వచ్చారు. 2016లో నువ్వులున్న రొట్టె తిని చనిపోయిన ఒక బాలిక పేరుతో ఇక్కడ 2021 అక్టోబరు నుంచి ఒక నిబంధన అమలులో ఉంది: అమ్మేచోటనే ప్యాక్ చేసిన తినుబండారాల మీద కూడా దినుసుల జాబితా పూర్తిగా ఉండాలి, శరీరానికి పడకపోయే అవకాశమున్న 14 రకాలు అందులో స్పష్టంగా కనపడాలి. ఇలాంటి ఒక్కరోజు బల్లకు అది ఎంతవరకు వర్తిస్తుందన్న చర్చ జోలికి పోకుండా, ఈ దుకాణం వారు అన్నిటికీ చీటీ అంటించే పద్ధతి పెట్టుకున్నారు. ఆ 14 రకాల పట్టిక చూసి మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. వేరుశెనగ ఉంది. నువ్వులు ఉన్నాయి. ఆవాలు ఉన్నాయి. ఇంగువ లేదులే అనుకుంటే, డబ్బా తిప్పి చూడగా అందులో గోధుమపిండి కలిసి ఉంది, గోధుమ పట్టికలో ఉంది. మన పోపుల పెట్టెలో ఇంతమంది ముద్దాయిలున్నారని మాకు అంతవరకు తెలియదు. కరివేపాకు ఒక్కటే నిర్దోషిగా బయటపడింది. నా భార్య పన్నెండు చీటీలూ చేత్తో రాసింది.

అసలు గొడవ మర్నాడు వచ్చింది. వండిన అన్నాన్ని త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలని, బయట ఉంచితే అందులోని సూక్ష్మజీవులు కడుపు పాడుచేస్తాయని ఇక్కడి ఆహార ప్రమాణాల సంస్థ చెబుతుంది, వాలంటీర్లందరికీ అది కంఠతా వచ్చు. చింతపండు పులుపు ఉంది, మేము దీన్ని రైలు ప్రయాణాలకు కట్టుకొని వెళతాము, తిరుపతి కొండ మీద ప్రసాదంగా కూడా పెడతారు అని ఎంత చెప్పినా వారు వినలేదు. వారి వైపు న్యాయం లేదని అనలేను. డబ్బాలు ఫ్రిజ్‌లోకి వెళ్లాయి, రెండు గంటలకు మెతుకులు గులకరాళ్లయి బయటికి వచ్చాయి. ఏడు అమ్ముడుపోయాయి. మూడు మేమే కొన్నాము. మిగిలిన రెండింటిని గంటలు మోగించేవారి జట్టు తీసుకువెళ్లింది. తరువాతి ఏడాది దుకాణం వారే విలేజ్ హాలు నుంచి వేడి పెట్టె ఒకటి తెచ్చి ఉంచి, పులిహోర పేరు బల్ల జాబితాలో మమ్మల్ని అడగకుండానే రాసేశారు. ఆ వారమే నేనూ వాటా కొన్నాను, శుక్రవారం మధ్యాహ్నపు వంతు నా పేరు మీదకు వచ్చింది.

వేసవిలో వచ్చేవారు బావుల అలంకరణ వారాన్ని చూసుకొని రావడం మేలు. డెర్బీషైర్ ఊళ్లలో బావులను, ఊటలను పూలచిత్రాలతో అలంకరించడం పాత ఆచారం. టిస్సింగ్టన్‌లో ఈస్టరుతో కలిపి లెక్కిస్తే నలభయ్యో రోజున వచ్చే అసెన్షన్ (క్రీస్తు స్వర్గారోహణ) పండుగకు చేస్తారు. బక్స్‌టన్ పట్నంలో 1840లో మంచినీటి సరఫరా వచ్చిన కృతజ్ఞతగా మొదలైంది. మా ఊళ్లో ఆ పనంతా దుకాణం వెనకున్న రేకుల షెడ్డులో జరుగుతుంది, టీ, బిస్కెట్ల భారం దుకాణానిది. చెక్క పలకలను ముందు కొన్ని రోజులు కుంటలో నానవేస్తారు, లేకపోతే అవి మట్టిలోని తడిని పీల్చేస్తాయి. ఉప్పు కలిపిన బంకమట్టిని కాళ్లతో తొక్కి, పలక మీద పరిచి, బొమ్మ గీసిన కాగితం వేసి సూదులతో పొడుస్తారు. ఆ చుక్కల వెంట ఆల్డర్ చెట్టు కాయలతో గీతలు కూర్చి, నాచు, గింజలు, చివరికి పూరేకులు అతుకుతారు. రేకులు కిందనుంచి పైకి, ఇంటి పెంకుల మాదిరి ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా పెట్టాలి, అప్పుడు వాన పడితే నీరు జారిపోతుంది. నా భార్య మొదటి పూట చేతికి అలవాటైన తీరులో వలయాలుగా పేర్చబోయి, రెండుసార్లు పీకించుకుంది. తంగేడు, గునుగు, బంతి వరుసలుగా పేర్చిన బతుకమ్మ చివర నీళ్లలోకి వెళుతుంది, ఇక్కడ పలక ముందే నీళ్లలో మునిగి వస్తుంది అని ఆమె చెబితే, షెడ్డులోని ఆడవారు పని ఆపి ఆ పాటలు పాడమన్నారు. ఆమె పాడింది. నేను మట్టి తొక్కే జట్టులో ఉన్నాను, అక్కడ ఎవరూ ఏమీ పాడమనలేదు.

తీవ్రమైన ఫిర్యాదులు రెండు ఉన్నాయి. ఒకటి, నిర్ణయాలు సమావేశంలో జరిగినట్టు నమోదవుతాయి గాని, నిజానికి అవి ముందే పబ్బులోనో చర్చి మెట్ల మీదో జరిగిపోతాయి; ఆ రెండు చోట్లకూ వెళ్లని కుటుంబాలకు, పిల్లలున్న అద్దెదారులకు ముఖ్యంగా, సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. సాయంత్రం వేళలు పెంచాలని మేము ఆరు నెలలుగా అడుగుతున్నాము, పరిశీలిస్తున్నామన్న జవాబే వస్తున్నది. రెండోది, చలికాలం. జనవరిలో మంచు పడితే వాలంటీర్లు ఇళ్లు దాటలేరు, అవసరం ఎక్కువైన రోజులలోనే తలుపు మూసి ఉంటుంది. కిందటి జనవరిలో అలా మూడు రోజులు మూతపడింది. దుకాణంలో జీతానికి ఒక్క మనిషినైనా పెట్టుకోకపోతే ఇది తీరే సమస్య కాదని నా అభిప్రాయం.

అయిదుకు మూడున్నర ఇస్తాను. సరుకుకు ఇస్తే రెండు, నోటీసు పలకకు ఇస్తే అయిదు. వేళలు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకు, శనివారం మధ్యాహ్నం దాకానే, ఆదివారం సెలవు. రొట్టె కావలసినవారు ముందురోజు పేరు రాయించుకోవాలి. ఓట్‌కేకులు గురువారం ఉదయం వస్తాయి, పదకొండు దాటితే దొరకవు. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి అడిగితే, గల్లా దగ్గర నేనే ఉంటాను గాని, లేవనే చెబుతాను.