సిరోంచలో ఇల్లు మళ్లీ కట్టేటప్పుడు: పునాది పెంచాలా, మెరకకు మారాలా?

వార్ధా, వైన్‌గంగ నీళ్లన్నీ మోసుకొచ్చి ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి అప్పటికే నిండుగా ఉంటే నీళ్లు వెనక్కి తంతాయి, మహారాష్ట్ర వైపు ఒడ్డునున్న మన సిరోంచ ఊళ్ల మీద పడతాయి. 2022 జూలై వరదను ఎవరూ మర్చిపోలేదు.

ఖర్చు: పునాదికి మట్టి, రాయి, సిమెంటు. మెరకకైతే ముందు స్థలమే కావాలి.

శ్రమ: మారితే పొలానికి రోజూ నడక.

రిస్క్: రోజుల తరబడి నానితే మట్టిగోడ ఆగదు. పునాది ఎత్తుగా ఉండి ఇల్లు నిలిచినా దారి మునుగుతుంది. నెలలు నిండిన ఆడమనిషిని, పశువులను ఎలా దాటిస్తాం? నాకు అసలు టెన్షన్ ఇదే.

నీళ్లు గడప దాకానే వచ్చే చోట పునాది పెంచితే చాలు. కిటికీ దాకా మునిగినవాళ్లు, ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉన్నవాళ్లు మెరకకే వెళ్లండి. పొలంలో మంచె ఒకటి ఉంచుకోండి.