రాత్రి పది దాటాక మస్టాంగ్ మైక్రో

మా పాప పడుకునేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. గిటార్ నా చేతికి వచ్చేది ఆ తర్వాతే. ఆ వేళప్పుడు ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే పెట్టె) ఆన్ చేసే ధైర్యం నాకు లేదు. చాలాకాలం ఎలక్ట్రిక్ గిటార్‌ని దేనికీ తగిలించకుండా ఉత్తినే వాయించాను. తీగ చప్పుడు చెవికి ఆనాలని కుడిచెయ్యి తెలియకుండానే బలంగా కొట్టడం అలవాటు చేసుకుంది. ఓ ఆదివారం పగటిపూట ఆంప్‌కి పెట్టి వాయిస్తే ప్రతి నోటూ మేకు దిగ్గొట్టినట్టు వినిపించింది. ఇక ఎడమచేతి సంగతి చెప్పక్కర్లేదు. మోగకుండా మ్యూట్ చేయాల్సిన తీగలన్నీ వెనకాల మోగుతూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి నాకు వినపడనే లేదు.

అలా గిటార్ శబ్దాన్ని హెడ్‌ఫోన్స్‌లోకే పంపే బుల్లి హెడ్‌ఫోన్ ఆంపుల వేటలో పడ్డాను. ఆ వేట చివరికి ఫెండర్ కంపెనీ మస్టాంగ్ మైక్రో దగ్గర ఆగింది. మొదట కొన్న బుల్లి డబ్బా పేరు చెప్పను. క్లీన్ టోన్, అంటే గరగర లేని తేట శబ్దం, పర్వాలేదు. రాక్ పాటల్లోని గరగర కోసం డిస్టార్షన్ మీట నొక్కితే మాత్రం కందిరీగను అగ్గిపెట్టెలో వేసి చెవికి ఆనించుకున్నట్టే. పక్కన ఫోన్ ఉంటే దాని టిక్‌టిక్‌లు అదనం. పది నిమిషాలకే చెవులు బరువెక్కేవి. లోపం నా వేళ్లలోనే ఉందనుకుని మూడు నెలలు దాంతో కుస్తీ పట్టాను.

లోపం వేళ్లలో కాదు, స్పీకర్ లేకపోవడంలో ఉందని ఆలస్యంగా తెలిసింది. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ చాలా మొండిది, పై స్థాయి శబ్దాలను అసలు పలకదు. సెలెస్టియన్ వింటేజ్ 30 అని బాగా పేరున్న స్పీకర్ ఉంది. దానికి కంపెనీ ఇచ్చిన రేంజ్ 70 నుంచి 5000 హెర్ట్జ్ వరకే. హెడ్‌ఫోన్స్ 20,000 దాకా పలుకుతాయి. డిస్టార్షన్ చేసే పనే కొత్త హార్మోనిక్స్ (అసలు నోటు పైన పలికే పై స్థాయి శబ్దాలు) పుట్టించడం. వాటిలోని గరగరంతా స్పీకర్ దగ్గర జల్లెడ పట్టినట్టు ఆగిపోతుంది, మెత్తటిదే గదిలోకి వస్తుంది. ఆ జల్లెడ లేకుండా నేరుగా చెవిలో పోస్తే కందిరీగే మరి. కాబట్టి హెడ్‌ఫోన్ ఆంప్ కొనేటప్పుడు ఎన్ని ఎఫెక్ట్స్ ఉన్నాయని కాదు, క్యాబినెట్ సిమ్యులేషన్, అంటే స్పీకర్ పెట్టె చేసే ఆ జల్లెడ పనికి నకలు, ఎంత బాగా చేశారని చూడాలి. ఈ కిటుకు కొత్తదేమీ కాదు. బోస్టన్ బ్యాండ్ గిటారిస్ట్ టామ్ షోల్జ్ 1982లోనే రాక్‌మన్ అనే హెడ్‌ఫోన్ ఆంప్ తెచ్చాడు. నడుముకు తగిలించుకునేంత చిన్న పెట్టెలోనే ఈ జల్లెడ పనంతా చేయించాడు.

ఇక అసలు వస్తువు. ఫెండర్ మస్టాంగ్ మైక్రో 2021లో వచ్చింది. నా దగ్గరికి వచ్చి ఎనిమిది నెలలైంది. గిటార్ జాక్‌లోకి నేరుగా గుచ్చడమే, కేబుల్ లేదు. ప్లగ్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి నా గిటార్ ముందువైపున్న ఏటవాలు జాక్‌లో కూడా ఇరుక్కోకుండా కూర్చుంది. 12 ఆంపుల నకళ్లు, 12 ఎఫెక్ట్స్ లోపలే ఉన్నాయి. స్క్రీన్ లేదు. ఏ ఆంప్‌లో ఉన్నామో చిన్న లైటు రంగును బట్టి తెలుసుకోవాలి. మొదటి వారం రంగులు గుర్తుపెట్టుకోలేక చిరాకు పడ్డాను. ఇప్పుడు రెండే రంగులు వాడుతున్నాను కాబట్టి ఆ బాధ లేదు.

దీంట్లో గెయిన్ నాబ్ (గరగర ఎంతుండాలో సర్దే మీట) లేదు. కొనేముందు నన్ను వెనక్కి లాగిన విషయం ఇదే, కొన్నాక బాగా మేలు చేసిందీ ఇదే. గెయిన్ తగ్గించాలంటే గిటార్ మీదున్న వాల్యూమ్ నాబే దిక్కు. పదిహేనేళ్లుగా నేను దాన్ని పదిమీద నుంచి కదిపింది లేదు. ఇప్పుడు బ్రిటిష్ ఆంప్ మోడల్ పెట్టి, నాబ్ ఏడు దగ్గర ఉంచి, మెల్లగా మీటితే నోటు దాదాపు క్లీన్‌గా వస్తుంది. అదే తీగను కాస్త ఒత్తి కొడితే అంచు దగ్గర చిరిగినట్టు పలుకుతుంది. ఆ ఒత్తిడి తేడా ఎంతని అడిగితే చెప్పలేను, పిక్ బొటనవేలి కింద ఓ వెంట్రుకవాసి జరిగినంత. పది మీద పెడితే ఈ తేడా మొత్తం గెయిన్‌లో కొట్టుకుపోతుంది. గదిలో ఆంప్ హోరెత్తుతున్నప్పుడు బాగుందనిపించే గెయిన్‌లో సగం కూడా హెడ్‌ఫోన్స్‌కి అక్కర్లేదు. నా మాట నమ్మి ఒక్కసారి తగ్గించి చూడండి.

రెండో మార్పు ఈక్యూ, అంటే టోన్ ఎంత ముదురుగా, ఎంత పదునుగా ఉండాలో సర్దే మీట. ఫ్లాట్ కాకుండా ముదురుగా రెండు మెట్లు, పదునుగా రెండు మెట్లు ఉంటాయి. నేను ఒక మెట్టు ముదురు వైపే వాడతాను. దీనికి ఓ కారణం ఉంది. మామూలు గిటార్ కేబుల్‌కి మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (పై స్థాయి శబ్దాలను మింగేసే గుణం) ఉంటుంది. ఆరు మీటర్ల కేబుల్ వాడితే పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) పదును కొంత అందులోనే కరిగిపోతుంది. మన చెవి ఆ కరిగిన టోన్‌కే అలవాటు పడి ఉంటుంది. కేబుల్ తీసేసి జాక్‌లో గుచ్చగానే పోయిన పదునంతా తిరిగొస్తుంది. కాగితం మీద అది లాభమే కానీ చెవికి మాత్రం గుచ్చుకుంటుంది. ఒక్క మెట్టు దించితే సరిపోయింది.

మూడోది రివర్బ్, అంటే గది ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్. ఆంప్ ఉన్న గదిలో శబ్దం గోడలకు తగిలి వస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో గోడలు లేవు, అందుకే గిటార్ తల మధ్యలో ఎవరో కూర్చుని వాయిస్తున్నట్టుంటుంది. స్ప్రింగ్ రివర్బ్ పెట్టి, మోతాదు వినీ వినపడనంతకు దించాను. కావాలని చెవి పెడితే తప్ప అది ఉన్నట్టు తెలియదు. తీసేస్తే మాత్రం వెంటనే తెలుస్తుంది. ఇంకో మాట, ఈ సర్దుబాట్లన్నీ మీరు రోజూ వాయించే వాల్యూమ్‌లోనే చేసుకోండి. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ తక్కువ వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతిని 1933లోనే కొలిచి చూపించారు. గట్టిగా పెట్టి అమర్చుకున్న టోన్, తగ్గించగానే పలచబడిపోతుంది. దాన్ని సరిచేద్దామని మళ్లీ వాల్యూమ్ పెంచుతాం. రాత్రిపూట చెవులు పాడయ్యేది ఇలాగే.

హెడ్‌ఫోన్స్ విషయంలో ఒక తప్పు చేశాను, అది పూర్తిగా నాదే. స్టూడియోల్లో వాడతారు కదా అని 250 ఓమ్‌లది, అంటే కరెంటుకు అడ్డు ఎక్కువున్నది, తెచ్చాను. బ్యాటరీ మీద నడిచే బుల్లి ఆంప్ ఇచ్చే వోల్టేజ్ కొద్దిగానే ఉంటుంది. అదే వోల్టేజ్‌కి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తీసుకునే పవర్‌లో 250 ఓమ్‌లదానికి దక్కేది ఎనిమిదో వంతు. వాల్యూమ్ చక్రం చివరిదాకా తిప్పినా గొంతు పెగల్లేదు. ఇప్పుడు వాడుతున్నవి 38 ఓమ్‌ల ఆడియో టెక్నికా ఎం50ఎక్స్. సగం వాల్యూమ్ కూడా దాటక్కర్లేదు. వెనకవైపు తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ రకం ఎవరిదో అడిగి పెట్టుకుని చూశాను, తలలోంచి గిటార్ బయటికొచ్చినట్టు హాయిగా ఉంది. కానీ శబ్దం కూడా బయటికొస్తుంది, మంచం అవతలి వైపు దాకా. మన దారి క్లోజ్డ్ బ్యాకే.

బ్లూటూత్ ఉంది కదా, వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. దీంట్లో బ్లూటూత్ ఉన్నది ఫోన్‌లోంచి బ్యాకింగ్ ట్రాక్ (తోడుగా మోగే మిగతా వాద్యాలు) లోపలికి రావడానికే. హెడ్‌ఫోన్ వైరుతోనే తగిలించాలి. ఇది లోటు అనుకోకండి. మామూలు బ్లూటూత్‌లో 100 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం ఉండటం మామూలే. గాలిలో శబ్దం ఒక మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లెక్కన ఆంప్‌ని ముప్పై మీటర్ల దూరంలో పెట్టి వాయించినట్టు. తాళం నిలబడదు. ట్రాక్‌కి, గిటార్‌కి మధ్య హెచ్చుతగ్గులు మాత్రం ఫోన్ వాల్యూమ్‌తోనే సర్దుకోవాలి, అది కాస్త విసుగే.

ఛార్జ్ ఆరు గంటల దాకా వస్తుందని కంపెనీ అంటుంది. నేను రోజుకు ముప్పావుగంట వాయిస్తాను, వారానికోసారి పెడుతున్నాను. ట్యూనర్ లేదు, దానికో క్లిప్ ట్యూనర్ తగిలించుకున్నా. 2024లో వచ్చిన మైక్రో ప్లస్‌లో స్క్రీన్, ట్యూనర్ రెండూ ఉన్నాయి. కొత్తగా కొనేవాళ్లు అదీ చూడండి. నాకైతే స్క్రీన్ ఉంటే వాయించడం మానేసి టోన్లు మారుస్తూ కూర్చుంటానని భయం.

కంప్యూటర్, దానికి గిటార్‌ని కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లు ఇంతకన్నా మంచి టోన్ సాధించగలరు, అందులో సందేహం లేదు. న్యూరల్ ఆంప్ మోడలర్ అని ఆంపులను అనుకరించే సాఫ్ట్‌వేర్ ఉచితం. దాంట్లో మంచి క్యాబినెట్ ఇంపల్స్ రెస్పాన్స్ (అసలు స్పీకర్ పెట్టె నుంచి కొలిచి తీసిన ఫైలు) వేసుకుంటే మైక్రో వెలవెలబోతుంది. ఆదివారాలు నేనూ అదే వాడతాను. కానీ రోజంతా పని చేసి వచ్చి, రాత్రి పదింటికి మళ్లీ లాప్‌టాప్ తెరిచి, ఆలస్యం తగ్గేందుకు బఫర్ 128కి దించి, డ్రైవర్ ఎందుకు మొరాయిస్తోందో చూసేంత ఓపిక ఎక్కడిది? మైక్రోని గుచ్చి స్విచ్ జరిపితే అయిదు సెకన్లలో చేతికి తీగ తగులుతుంది.

బలంగా కొట్టే అలవాటు తగ్గి చెయ్యి దారిలో పడటానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మా ఆవిడకు వినపడేది పిక్ తీగకు తగిలే టక్‌టక్ ఒక్కటే. మొన్న పొద్దున కాఫీ ఇస్తూ, "రాత్రి అదే ముక్క ఇరవైసార్లు వాయించారు, ప్రతిసారీ చివర్లో తడబడ్డారు" అంది. హెడ్‌ఫోన్స్ నా తల మీదే ఉన్నాయి, టక్‌టక్‌లోనే పట్టేసింది.